కప్పు తెచ్చారు.. జీతం రాలేదు

2025 డిసెంబరు 13 సాయంత్రం ఉప్పల్ స్టేడియంలో లియోనెల్ మెస్సీ బంతి తన్నుతుంటే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా జెర్సీ తొడుక్కుని మైదానంలోకి దిగారు. టికెట్టు కొనే స్తోమత లేని కుర్రాళ్లు ఖమ్మంలో, కొత్తగూడెంలో, గోదావరి ఒడ్డున భద్రాచలంలో ఫోన్లు ముందు పెట్టుకుని చూసి మురిసిపోయారు. ఆ సందడిలో ఎవరూ పెద్దగా తలచుకోని సంగతొకటి ఉంది. అంతకు రెండు నెలల ముందే హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

మెస్సీ ఒక్క పూట వచ్చి వెళితే రాష్ట్రమంతా పండగ. మన క్లబ్బు శాశ్వతంగా వెళ్లిపోతే మాత్రం పేపర్లో ఆటల పేజీ అడుగున ఓ మూల వార్త. పోయింది ఏదో అనామక జట్టూ కాదు. ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన జట్టు. అది చితికిపోవడం మైదానంలో మొదలు కాలేదు. నెల తిరిగినా బ్యాంకు ఖాతాలో పడని జీతాల దగ్గర మొదలైంది.

స్టార్ ఆటగాడికీ జట్టుకూ కాంట్రాక్టు తగాదా వస్తే మనం వెంటనే పక్షాలు చీలిపోతాం. ఆటగాడు వెళ్లిపోతానంటే డబ్బుకు ఆశపడ్డాడని, తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని తిడతాం. యాజమాన్యం జీతం ఎగ్గొడితే అదే నోటితో ‘పాపం, ఆర్థిక ఇబ్బందులు’ అంటాం. కాగితం ఒకటే, దాని మీద సంతకాలు రెండు. తప్పిన మాట ఎవరిదన్న దాన్ని బట్టి మన తూకం మాత్రం మారిపోతుంది.

88వ నిమిషం

హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టుకే ఇంకో ఊరి కష్టంలోంచి జరిగింది. 2019లో పుణె సిటీ క్లబ్బు మూతపడితే ఆ ఖాళీ సీటు మనకు దక్కింది. యజమానులు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని. సొంత మైదానం గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం. తొలి సీజన్లో పట్టికలో ఆఖరి స్థానం, మొత్తం మీద రెండే విజయాలు. మరుసటి ఏడాది స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాక జట్టు తీరు మారింది. పేరున్న వాళ్ల కోసం ఎగబడకుండా చురుకైన కుర్రాళ్లను ఏరి నిలబెట్టాడాయన. ముందు వరుసలో నైజీరియా వీరుడు బార్తొలొమ్యూ ఒగ్బెచె ఉన్నాడు. ఒకప్పుడు పారిస్ సెయింట్ జెర్మెన్‌కు ఆడినవాడు. 2021-22 సీజన్లో ఒక్కడే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ పట్టుకుపోయాడు.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో ఫైనల్. అవతల కేరళ బ్లాస్టర్స్. స్టేడియంలో ఎటు చూసినా పసుపు రంగే. 68వ నిమిషంలో రాహుల్ గోలుతో కేరళ ముందుకెళ్లింది. ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ టవోరా దూరం నుంచి గురిచూసి కొట్టాడు, స్కోరు సమం. పెనాల్టీల దాకా వెళ్లాక గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఒక్కడే ఆటను లాక్కున్నాడు. మూడు ఆపాడు. నిషు కుమార్ తన్నిన బంతిని ఆపితే, కట్టిమణి ముందే కదిలాడని రిఫరీ మళ్లీ తన్నమన్నాడు. మళ్లీ ఆపాడు! 3-1తో కప్పు హైదరాబాద్‌ది.

మరుసటి సీజన్లోనూ లీగ్ పట్టికలో రెండో స్థానం. 2023 వేసవి వచ్చేసరికి మార్కెజ్ గోవాకు వెళ్లిపోయాడు, ఒగ్బెచె కూడా క్లబ్బు వదిలాడు. పోతూపోతూ వాళ్లు వదిలి వెళ్లిన జట్టుకు జీతాలు సరిగా అందడం లేదన్న మాట అప్పటికే బయటికి పొక్కింది.

బకాయిల దారి

కాంట్రాక్టు తగాదా కోర్టులో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది వంటింట్లో మొదలవుతుంది. జీతం ఒక నెల ఆగితే ఆటగాడు మేనేజరును అడుగుతాడు. వచ్చే వారం అంటారు. రెండో నెల ఆగితే అద్దె కట్టాల్సిన వాడు, ఇంటికి పంపాల్సిన వాడు ఏజెంటుకు ఫోన్ చేస్తాడు. ఆ తర్వాతే నోటీసు, ఫెడరేషన్, ఫిఫా.

ఒగ్బెచె బకాయిల వ్యవహారం అలాగే ఫిఫా గుమ్మం తొక్కింది. ఐఎస్‌ఎల్‌లో 63 గోల్స్ కొట్టి, అందరికంటే ముందు నిలిచిన ఆటగాడు తనకు కప్పు ఇచ్చిన క్లబ్బు మీదే ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. ఫిఫా చేతిలో ఇలాంటి వేళ ఒక పదునైన ఆయుధం ఉంటుంది, బదిలీల నిషేధం. బాకీ తీర్చేదాకా కొత్త ఆటగాణ్ని నమోదు చేసుకోవడానికి వీల్లేదు. హైదరాబాద్‌కు ఆ దెబ్బ తగిలింది.

2023-24 సీజన్ చూసినవాళ్లకు అదొక పీడకల. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే విమానం ఎక్కేశారు. జంషెడ్‌పూర్‌లో బస చేసిన హోటల్ వాళ్లు బిల్లు కట్టలేదంటూ పోలీసుల దగ్గరకెళ్లారు. 2024 జనవరిలో బదిలీల తలుపు తెరవగానే భారత ఆటగాళ్ల వంతు వచ్చింది. నిఖిల్ పూజారి, చింగ్లెన్సానా సింగ్ బెంగళూరుకు, మహమ్మద్ యాసిర్ గోవాకు వెళ్లిపోయారు. కప్పు గెలిచిన రాత్రి మైదానంలో కేరింతలు కొట్టిన మొహాలే ఇవి. మిగిలింది రిజర్వు జట్టు కుర్రాళ్లు, వాళ్ల మధ్య పెద్దదిక్కుగా బ్రెజిల్ ఆటగాడు జావో విక్టర్. కోచ్ తంగ్బోయ్ సింగ్టో ఆ పిల్లలతోనే నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌లలో ఒక్క గెలుపు, 8 పాయింట్లు.

ఆ కుర్రాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. ఓడిన ప్రతి మ్యాచ్‌కూ వాళ్లను చూసి నవ్వినవాళ్లున్నారు. జట్టు కట్టుకోవడానికి మనుషులే లేని క్లబ్బులో జెర్సీ వేసుకుని దిగిన పద్దెనిమిదేళ్లవాడికి అంతకంటే ఎక్కువ ఏం చేతనవుతుంది?

తర్వాత క్లబ్బు బీసీ జిందాల్ గ్రూపు చేతికి వెళ్లింది. 2025 అక్టోబరులో ఊరూ పేరూ రెండూ మారాయి. చిత్రమేమిటంటే 2019లో ఢిల్లీ కూడా తన క్లబ్బును ఇలాగే పోగొట్టుకుంది. ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. మన దేశంలో క్లబ్బు ఒక ఊరిదని అనుకోవడం అభిమానుల అమాయకత్వం. అది లీగ్‌లో ఒక సీటు. అద్దె ఇల్లు మారినట్టు ఊళ్లు మారుతుంది.

నాప్కిన్ మీద ఒప్పందం

ఉప్పల్‌లో మనం చేతులూపిన మెస్సీ జీవితం కూడా కాగితాల మీదే నడిచింది. 2000 సంవత్సరంలో అర్జెంటీనా నుంచి బార్సిలోనాకు పరీక్ష కోసం వచ్చినప్పుడు వాడి వయసు 13. మనిషి పొట్టి, ఎదుగుదలకు హార్మోన్ వైద్యం కావాలి, దాని ఖర్చు పెద్దది. క్లబ్బు నెలల తరబడి ఎటూ తేల్చలేదు. తండ్రి హోర్హే విసిగిపోయి వెళ్లిపోతామన్నాడు. డిసెంబరు 14న ఒక టెన్నిస్ క్లబ్బులో కూర్చుని ఉండగా బార్సిలోనా డైరెక్టర్ కార్లెస్ రెక్సాక్ చేతికందిన కాగితపు నాప్కిన్ మీదే రాసిచ్చాడు. కొందరి అభ్యంతరాలున్నా తన పూచీ మీద ఈ పిల్లవాణ్ని తీసుకుంటామన్నది సారాంశం. మూతి తుడుచుకునే ఆ కాగితం 2024లో లండన్ వేలంలో 7,62,400 పౌండ్లు పలికింది.

ఇరవై ఏళ్ల తర్వాత ఇదే మెస్సీ ఇదే క్లబ్బుకు నోటీసు పంపాడు. 2020 ఆగస్టులో, స్పెయిన్‌లో చట్టం ముందు రుజువుగా నిలిచే ఒక రకం రిజిస్టర్డ్ ఉత్తరం ద్వారా వెళ్లిపోతానన్నాడు. సీజన్ ముగిశాక రూపాయి చెల్లించకుండా వెళ్లే వెసులుబాటు తన కాంట్రాక్టులో ఉందన్నది అతడి వాదన. ఆ గడువు జూన్ 10తో ముగిసిందని, పోవాలంటే 70 కోట్ల యూరోలు కట్టాలని క్లబ్బు సమాధానం. కరోనా వల్ల ఆ ఏడాది సీజన్ ఆగస్టు దాకా సాగింది కాబట్టి గడువూ జరగాలని మెస్సీ పక్షం పట్టుబట్టింది. ప్రపంచంలో అత్యధిక పారితోషికం తీసుకునే ఆటగాళ్లలో ఒకడు ఒక తేదీ దగ్గర ఇరుక్కుపోయాడు. చివరికి క్లబ్బు మీద కోర్టుకెక్కలేనంటూ మరో ఏడాది ఉండిపోయాడు. లాయర్ల దండు వెనకున్న మెస్సీకే ఒక గడువు మెడకు చుట్టుకుంటే మామూలు ఆటగాడి మాట చెప్పాలా?

అన్వర్ ఎటువైపు?

హైదరాబాద్ కథలో మాట తప్పింది క్లబ్బు. ఆటగాడే తప్పాడన్న ఆరోపణ వస్తే ఏమవుతుందో 2024లో కోల్‌కతా చూసింది. పంజాబ్ కుర్రాడు అన్వర్ అలీ దేశంలో ఎన్నదగిన డిఫెండర్. గుండె కండరం మందంగా మారే జబ్బు ఉందని 2019లో బయటపడితే ఫెడరేషన్ ఆడొద్దంది. ఢిల్లీ హైకోర్టుకెళ్లి మరీ ఆటలోకి తిరిగొచ్చిన మొండివాడు. ఢిల్లీ ఎఫ్‌సీ అతణ్ని నాలుగేళ్ల లోన్ మీద మోహన్ బగాన్‌కు ఇచ్చింది. ఏడాది ఆడాక 2024 జులైలో అన్వర్ ఆ ఒప్పందం తెంచుకున్నాడు. వెళ్లింది ఎక్కడికనుకున్నారు? బద్ధ శత్రువు ఈస్ట్ బెంగాల్‌కు, అయిదేళ్ల కాంట్రాక్టు మీద.

సెప్టెంబరులో ఫెడరేషన్ కమిటీ కొరడా తీసింది. అన్వర్‌కు నాలుగు నెలల నిషేధం, మోహన్ బగాన్‌కు రూ.12.90 కోట్ల పరిహారం, ఈస్ట్ బెంగాల్‌కూ ఢిల్లీ ఎఫ్‌సీకీ రెండు బదిలీల విండోల పాటు కొత్త ఆటగాళ్లు బంద్. భారత ఫుట్‌బాల్‌లో ఇంత పెద్ద మొత్తం ఎవరూ కలలో కూడా అనుకోలేదు. విషయం మళ్లీ ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. ఆ ఉత్తర్వు నిలవలేదు, కమిటీ మొదటి నుంచి వినాల్సి వచ్చింది. అన్వర్ ఎరుపు-పసుపు జెర్సీలో దిగాడు.

ఇక్కడ అసలు మెలిక నాలుగేళ్ల లోన్. ఫిఫా 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం లోన్ ఏడాదికి మించకూడదు. మరి నాలుగేళ్లు ఎలా రాశారు? ఆ నిబంధన దేశం లోపలి ఒప్పందాలకు ఎప్పటి నుంచి వర్తిస్తుందన్న వాదనలో ఎవరి లెక్క వాళ్లది. నాకు మాత్రం అన్వర్ చేసింది పూర్తిగా ఒప్పనిపించదు. ఏడాది పాటు ఒప్పందం బాగానే ఉందని ఆడి, ఎక్కువ ఇచ్చేవాడు రాగానే నిబంధన గుర్తుకు రావడం ఏం పద్ధతి? అలాగని ఆ లోన్ కాగితం రాసిన రెండు క్లబ్బుల పెద్దమనుషులకు నిబంధన తెలియదంటే నమ్మేదెవరు? అభిమానులు మాత్రం తగలబెట్టడానికి అన్వర్ ఫొటోనే వెతుక్కున్నారు.

బ్యాంకు ఉద్యోగం వద్దన్న హబీబ్

కోల్‌కతా క్లబ్బులకు హైదరాబాదీల కాళ్ల మీద మోజు ఇవాళ్టిది కాదు. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. అదే రహీం కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ‘మైదాన్’ సినిమా చూసినవారికి ఆ కథ తెలిసిందే. సినిమాలో అంతగా కనిపించని సంగతి ఒకటుంది. మన దగ్గర మంచి ఆటగాడికి దక్కేది పోలీసు ఉద్యోగం, దాంతోపాటు పింఛను. కోల్‌కతాలో దక్కేది చేతిలో నగదు. అందుకే సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. నయీముద్దీన్ వెళ్లాడు, మహమ్మద్ హబీబ్ వెళ్లాడు.

హబీబ్‌ది ఇంకో తరహా. 1966 నుంచి కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. అప్పట్లో బదిలీల రోజులొస్తే క్లబ్బు పెద్దలు ఆటగాళ్లను ఊరవతల ఇళ్లలో దాచేవాళ్లు. ఎదుటి క్లబ్బు మనుషులు వెతికి పట్టుకుపోయేలోగా సంతకం పెట్టించాలి. తోటివాళ్లంతా బ్యాంకు, రైల్వే ఉద్యోగాలు చేసుకుంటూ ఆడుతుంటే హబీబ్ ఉద్యోగమే వద్దన్నాడు. ఆటే నా ఉద్యోగం అన్నాడు. దేశంలో తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని ఆయన్ను పిలిచేది అందుకే. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే మోహన్ బగాన్ 2-2తో నిలువరించింది. ఆ రెంటిలో ఒక గోలు హబీబ్‌దే. ఉద్యోగం వదులుకున్న ఆటగాడి చేతిలో మిగిలేది ఆ ఏటి కాంట్రాక్టు ఒక్కటే. గాయమైతే అది కూడా లేదు. ఆ రోజుల్లో అంత ధైర్యం చేయడం ఈ తరానికి అర్థం కావడం కష్టం. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడాయన.

ఎటపాక దాటితే

ఇదంతా ఖమ్మం జిల్లా వాడికి ఎందుకు? అడవి అంచు ఊళ్లకు ఎందుకు?

పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన పిల్లలకు ప్రత్యేకంగా క్రీడా పాఠశాల ఉంది. భద్రాచలం ఐటీడీఏ కింద ఆశ్రమ పాఠశాలలున్నాయి. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు దొరికే గంటలో చెప్పుల్లేని కాళ్లతో కోయ, లంబాడీ పిల్లలు బంతి వెనక పరుగెత్తే ఆట చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్లలో ఒకడు పైకెళ్తే తెలంగాణలో అతణ్ని తీసుకోవడానికి ఐఎస్‌ఎల్ జట్టు లేదు. ఈ దారి ఎంత దూరమో గుగులోత్ సౌమ్యను చూస్తే తెలుస్తుంది. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. ఆమె సంతకాలు చేసిన చోట్లలో కేరళ గోకులం ఉంది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ ఉంది, కోల్‌కతా ఈస్ట్ బెంగాల్ ఉంది. 2025లో జాతీయ ఫెడరేషన్ ఏటి మేటి క్రీడాకారిణిగా ఎంపికైన అమ్మాయి పేరు పక్కన మన రాష్ట్రపు క్లబ్బు లేదు.

ఇల్లు వదిలి వెళ్లే పిల్లలకు ముందుగా తగిలే కాగితం కాంట్రాక్టు కూడా కాదు, రిజిస్ట్రేషన్. ఆటగాడు ఒక కాలంలో ఒక క్లబ్బు పేరిటే నమోదై ఉండాలి. ఇక్కడైతే ఆ చిక్కుకు ఇంకో ముడి. 2014లో పోలవరం పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక భద్రాచలం పట్టణం తెలంగాణలో, ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో పడ్డాయి. చింతూరు, కూనవరం కుర్రాళ్లు కూరగాయలకు వచ్చేది భద్రాచలమే, ఆసుపత్రికి వచ్చేది భద్రాచలమే. రాష్ట్ర సంఘం లెక్కకు వచ్చేసరికి వేరు. ఏదో టోర్నమెంటు కోసం ఎవరో ఫారం నింపి సంతకం పెట్టమంటే పెట్టేస్తారు. తాను ఏ రాష్ట్రంలో, ఏ క్లబ్బు పేరిట ఉన్నాడో తెలియకుండానే పెద్ద క్లబ్బు ట్రయల్స్‌కు వెళ్లిన కుర్రాడికి అక్కడ బదిలీ కాగితం అడిగితే నోట మాట రాదు.

డబ్బు సంగతీ ఉంది. ఆటగాడు కాంట్రాక్టు మధ్యలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సొమ్ము మీద బదిలీ అయితే ఆ సొమ్ములో 5 శాతం, అతడికి 12 నుంచి 23 ఏళ్ల వయసు మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. కోటి రూపాయల బదిలీ అనుకోండి. 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఒక్కో ఏడాదికి 25 వేలు, ఆ తర్వాత ఒక్కో ఏడాదికి 50 వేలు శిక్షణ ఇచ్చిన క్లబ్బు హక్కు. ఏజెన్సీ ఊరి జట్టుకు అది బంతులకూ బూట్లకూ ఏళ్ల తరబడి సరిపోయే సొమ్ము. కాకపోతే సంఘంలో క్లబ్బుగా నమోదై ఉండాలి, కుర్రాడి పేరు ఆ రికార్డులో ఉండాలి. పొద్దున్నే లేపి పరుగెత్తించిన పీఈటీ సారు ఎంత గొప్పవాడైనా, ఆయన పాఠశాల క్లబ్బుల చిట్టాలో లేకపోతే పైసా రాదు. జిల్లా సంఘాల పెద్దలు కుర్చీల కోసం చేసే పోరులో పదో వంతు ఈ నమోదు మీద పెడితే బాగుండును.

ఇక కాంట్రాక్టు చేతికొచ్చిన వాడికి. 18 నిండని ఆటగాడితో మూడేళ్లకు మించి రాసుకున్నది ఫిఫా ముందు చెల్లదు. అయిదేళ్లు, పదేళ్లు అంటూ తండ్రి చేత వేలిముద్ర వేయించుకునే అకాడమీల మాటలు ఇక్కడే ఆపాలి. కాంట్రాక్టులో ఆఖరి ఆరు నెలలు మిగిలినప్పుడు వేరే క్లబ్బుతో బాహాటంగా మాట్లాడుకోవచ్చు, అది ద్రోహం కాదు. కాంట్రాక్టు ముగిశాక ఉచితంగా వెళ్లే హక్కు 1995లో బెల్జియం ఆటగాడు జాన్-మార్క్ బోస్మన్ యూరప్ కోర్టులో గెలిచి తెచ్చింది. అంతకుముందు అతడి క్లబ్బు లీజ్, నెలకు లక్షా 20 వేల ఫ్రాంకుల జీతాన్ని 30 వేలకు కోసి, పోతానంటే బదిలీ రుసుం అడిగి కూర్చుంది. ఆ తీర్పుతో మిగతావాళ్లు కోటీశ్వరులయ్యారు, బోస్మన్ మాత్రం కాలేదు.

రెండు నెలల జీతం రాకపోతే ఏం చేయాలో కూడా నిబంధనల్లోనే ఉంది. బాకీ కట్టమని క్లబ్బుకు 15 రోజుల గడువు ఇవ్వాలి. అప్పటికీ కట్టకపోతే న్యాయమైన కారణంతో కాంట్రాక్టు రద్దు చేసుకుని వెళ్లొచ్చు, మిగిలిన బకాయికీ పరిహారానికీ దావా వేయొచ్చు. గడువు ఇవ్వకుండా సంచి సర్దుకుని ఇంటికొస్తే తప్పు ఆటగాడి మీదకే తిరిగే ప్రమాదం ఉంది. మేనేజరుకు ఫోన్ చేసి గట్టిగా అడగడం నోటీసు కిందికి రాదు. రాతపూర్వకంగా ఉండాలి, తేదీ ఉండాలి, పంపినట్టు రుజువు దగ్గర పెట్టుకోవాలి.